ప్రసాదం తేని మనిషి

రెండోసారి మందు ఎక్కించుకుని కలకత్తా నుంచి వచ్చేసరికి నూకయ్య తల నున్నగా ఉంది. మొదటి మందుకే జుట్టు పిడికిళ్ళకొద్దీ ఊడింది. దిండు మీద వెంట్రుకలు, గంజిలో వెంట్రుకలు. విసుగెత్తి, హౌరా స్టేషను బయట మంగలి ముందు కూర్చుని మిగిలింది మీసంతో సహా గీయించేశాడు. ఇంట్లో ఎవరు పోయారని మంగలి అడిగాడు.

ఖరగ్‌పూర్‌లో దిగి మథురకాటి రైల్వే క్వార్టర్లకు నడిచాడు. కుళాయి దగ్గర పక్కింటి చిట్టెమ్మ అతన్ని చూసి బిందె వదిలేసి వచ్చింది. చెంగుతో చెయ్యి తుడుచుకుని చాపింది.

"అప్పన్న పెసాదం ఎట్టు మావా."

నూకయ్యకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ వరుసలో ఉన్నవాళ్ళందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్కుషాపు కొలువులకి వచ్చినవాళ్ళే. నాలుగు రోజులు సిక్ లీవు పెట్టి, మీసం కూడా లేని గుండుతో మనిషి దిగాడంటే వాళ్ళకి ఒకటే అర్థం. సింహాచలం వెళ్ళాడు, మొక్కు తీర్చుకున్నాడు. వాళ్ళలో సగం మంది చేసే పనే అది.

"పెసాదం లేదు," అన్నాడు.

"అదేటి? దారిలో తినేసినావేటి?"

"లేదన్నాను గదా."

చిట్టెమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ముఖం మారింది. "మా పిల్లడి ముడుపు మూడేళ్ళ నుంచీ పసుపుగుడ్డలో ఉంది మావా. ఎల్తన్నానని ఒక్క మాట సెప్పుంటే ఇచ్చుందును గదా. నీ మొక్కు నీదేనా? కాలనీలో మరెవులికీ దేవుడు లేడా?"

అది నిజంగానే తప్పు. సింహాచలం వెళ్ళేవాడు నాలుగిళ్ళకీ చెప్పి, నాలుగు ముడుపులూ మోసుకెళ్ళి, అందరికీ ప్రసాదం తెచ్చి పంచాలి. ఎవరికీ చెప్పకుండా వెళ్ళొచ్చినవాణ్ణి ఆ వరుసలో ఎవరూ ఊరుకోరు.

నూకయ్య తాళం తీసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నిజం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మెడ పక్కన, చంకలో గడ్డలు లేచాయి. రైల్వే ఆసుపత్రి వాళ్ళు కాన్సరన్నారు, కలకత్తా పంపించారు. మూడు వారాలకోసారి సీసా కట్టి నరంలోకి మందు ఎక్కిస్తున్నారు. అంతే. కానీ చెప్పడు. నాలుగేళ్ళ కిందట, అరవైతొమ్మిదిలో, అతని పెళ్ళాం దాలమ్మ కడుపులో ఇదే రోగంతో ఈ గదిలోనే పడుకుంది. అది అంటుకుంటుందని అప్పుడు ఈ చిట్టెమ్మే పిల్లల్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఇచ్చిన గ్లాసు తిరిగి పుచ్చుకోలేదు. నూకయ్య అది మరిచిపోలేదు. దేవుడి దగ్గరికి దొంగతనంగా వెళ్ళాడని తిట్టుకోనీ. ఆ గ్లాసు చూపు ఇంకోసారి చూడక్కర్లేదు.

వారంలో కాలనీ అతనితో మాట మానేసింది. కుళాయి దగ్గర వరసలో నిలబడితే ముందువాడు వెనక్కి చూడటం లేదు. ఆదివారాలు చిట్టెమ్మ ఇంటి నుంచి ఎండుచేపల పులుసు గిన్నె వచ్చేది. పెళ్ళాం పోయిన మరుసటి నెల నుంచీ వస్తూనే ఉండేది. ఆ పులుసు తిన్నాడు గానీ ఆమెను క్షమించలేదు. ఆ ఆదివారం గిన్నె రాలేదు. వచ్చినా తినగలిగేవాడు కాదు, పోపు వాసనకే డోకు వస్తోంది. అయినా గుమ్మం వైపు రెండుసార్లు చూశాడు. చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి మెడ మీద గడ్డను వేళ్ళతో కొలిచేవాడు. మొదట రేగుకాయంత ఉండేది. ఇప్పుడు సెనగగింజంత ఉంది. తగ్గింది. ఆ మాట పైకి అనుకోవడానికి కూడా జంకు. దాలమ్మకీ ఒక వారం నొప్పి తగ్గింది.

అతన్ని తొలుస్తున్నది వేరే ఉంది. రెండో మందు రోజు ఆసుపత్రి మెట్ల మీద కళ్ళు తిరిగి పడ్డాడు. బెంగాలీ డాక్టరు నాడి చూసి, హిందీలో నిదానంగా చెప్పాడు.

"గడ్డ కరుగుతోంది దాదా. మొత్తం ఆరు ఎక్కించాలి. కానీ వచ్చేసారి తోడు లేకుండా వస్తే మందు ఎక్కించను. బండిలో పడిపోతే ఎవరు చూస్తారు? ఇంట్లో ఎవరూ లేరా?"

"లేరు," అన్నాడు నూకయ్య.

"పక్కింటివాళ్ళు? పనిచేసే చోట?"

నూకయ్య తల అడ్డంగా ఊపాడు. ఎవరో ఒకరిని తెచ్చుకోమని డాక్టరు చీటీ మీద మంగళవారం తారీకు రాసిచ్చాడు. రోగితో పాటు తోడుకి కూడా రైల్వే పాసు ఇస్తుంది. ఇవ్వాల్సిందల్లా ఒక పేరు. ఆ పేరే లేదు. వెళ్ళకుండా ఊరుకుందామనే నిర్ణయానికి వచ్చేశాడు. ఎవరి గుమ్మం ముందూ నిలబడి నాకు తోడు రండి అని అడిగే నోరు అతనికి లేదు.

గురువారం మధ్యాహ్నం వర్కుషాపులో అన్నాల సైరన్ మోగింది. నూకయ్య చక్రాలు చెక్కే లేతు యంత్రం వెనక, ఎవరూ రాని మూల కూర్చుని గంజి సీసా మూత తీశాడు. ఎదురుగా ఎవరో వచ్చి గొంతుకూర్చున్నారు. గణపతిరావు. దాలమ్మ తమ్ముడు, వెల్డింగు సెక్షనులో పని. నాలుగేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

"బావా," అన్నాడు గణపతిరావు, "అప్పన్న తలనీలాలడుగుతాడు. కనుబొమ్మలు కూడా అడిగినాడేటి?"

నూకయ్య చెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది. నాలుగైదు రోజులుగా అవి కూడా రాలుతున్నాయి. మొహం కడుక్కున్నప్పుడు అరచేతికి అంటుకుంటున్నాయి. కాలనీలో ఎవరూ అంత దగ్గరగా చూడలేదు.

"నీకెందుకు?"

"పాసులు రాసే సొలొమోను గారినడిగినాను. సింహాచలానికి పాసు రాయలేదన్నాడు. ఎక్కడికి రాసినాడో సెప్పలేదు. మరైతే ఎక్కడికెల్నావు?"

"నా ఇష్టమొచ్చిన సోటికెల్నాను. లెగు ఇక్కణ్ణుంచి."

గణపతిరావు లేవలేదు. నూకయ్య మెడ వైపు చూశాడు, చొక్కా కాలరు పైకెత్తి గుండీ పెట్టి ఉంది. ఆ ఎండలో.

"మా యప్పకొచ్చిందేనా?"

నూకయ్య సీసా కింద పెట్టాడు. "నీ అప్ప పేరెత్తకు. తాల్‌బగీచా పేట నుంచి నాటుమందు పొడులోణ్ణి పట్టుకొచ్చింది నువ్వు. ఆసుపత్రికెల్తే కడుపు కోసేస్తారని బెదరగొట్టింది నువ్వు. మూడు నెల్లు బూడిద మింగించినావు. డాక్టరు దగ్గిరికి ఎల్లేసరికి ఏటన్నాడో గ్యాపకముందా? ఆలస్యంగా తెచ్చినారన్నాడు."

"ఉంది."

"మరి ఏ మొకం ఎట్టుకుని వొచ్చినావు?"

పొరుగు షెడ్డులో సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"పొడులు నానే తెచ్చినాను," అన్నాడు గణపతిరావు. "నాను తేలేదనను. గానీ మూడు నెల్లూ రోజూ తేనెలో కలిపి నాకించింది ఎవులు? నువ్వొద్దనలేదు బావా. ఒక్కనాడు వొద్దనలేదు."

నూకయ్య లేచాడు. కొడతాడేమో అనిపించింది. కొట్టలేదు. గంజి తాగకుండానే లేతు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ పూట చక్రం ఒకటి కొలత తప్పించాడు. ఇరవై ఆరేళ్ళ కొలువులో అతని చేతిలో కొలత తప్పడం అదే మొదటిసారి.

శనివారం పొద్దున్న పాసుల గుమాస్తా సొలొమోను కబురు పెట్టాడు. వెళ్తే, బల్ల మీద కాగితం తోశాడు.

"మూడు వారాల లెక్కన మంగళవారం మీ హౌరా మెడికల్ పాసు. మీరే వొస్తారని చూశాను. మీరు రాలేదు గానీ గణపతిరావు వొచ్చాడు. తోడుగా తన పేరు రాయమన్నాడు. పేషెంటు సంతకం లేకుండా కుదరదన్నాను."

"వాడికి నా సంగతి ఎవులు సెప్పినారు?"

"నేను చెప్పలేదు. మెడికల్ పాసేనా అని వాడే అడిగాడు. ఇది పన్నెండింటికి సాహెబు బల్ల మీదికి పోవాలి. సంతకం పెడతారా, చింపమంటారా?"

తోడు పేరు దగ్గర పెన్సిలుతో గణపతిరావు అని ఉంది. బంధుత్వం దగ్గర, భార్య తమ్ముడు. దాలమ్మ పోయిన నాలుగేళ్ళకి ఒక సర్కారు కాగితం మీద ఆమె మళ్ళీ తన భార్య అయింది. నూకయ్య ఆ మాట మీంచి కన్ను తిప్పలేదు. తేనె గిన్నె గుర్తొచ్చింది. చూపుడు వేలితో పొడి కలిపేవాడు, చేదు తెలియకుండా తేనె ఎక్కువ వేసేవాడు. ఆమె కళ్ళు మూసుకుని నాకేది. వద్దని ఎందుకనలేదు? ఆమెకు నయమవుతుందనుకున్నాడు. వాడూ అదే అనుకుని ఉంటాడు.

అయినా క్షమించడం అతని వల్ల కాదు. క్షమించకపోయినా బతకాలని మాత్రం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు.

"కలం ఇవ్వు," అన్నాడు.

మంగళవారం బండిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. హౌరాలో దిగి ఆసుపత్రికి వెళ్ళారు. ఆసుపత్రిలో సీసా కట్టారు. గణపతిరావును లోపలికి రానివ్వలేదు. తలుపు అద్దంలోంచి వాడి భుజం ఒకటి కనిపిస్తోంది. మధ్యాహ్నం రెండింటి దాకా సీసా దిగింది. నూకయ్య ఎన్నిసార్లు చూసినా ఆ భుజం అక్కడే ఉంది. డాక్టరు మెడ తడిమి, బాగుంది అన్నాడు. తర్వాతి మందుకి ఇరవయ్యొకటో తారీకు రాసిచ్చాడు.

తిరుగు బండిలో మేచేదా స్టేషను దాటాక కక్కొచ్చింది. గణపతిరావు సంచిలోంచి డాల్డా డబ్బా తీసి పట్టుకున్నాడు. పక్కన కూర్చున్న బెంగాలీ బాబు ఒకాయన ముక్కు మూసుకుని విసుక్కుంటే, గణపతిరావు బెంగాలీలో ఏదో అన్నాడు. ఆ బాబు లేచి వెళ్ళి వేరేచోట కూర్చున్నాడు. నూకయ్య కిటికీ సీటులో కాళ్ళు చాపుకున్నాడు.

సాయంత్రం క్వార్టరు గుమ్మం ముందు నూకయ్య తాళం చేతిలో పట్టుకుని ఆగాడు.

"లోనికి రాకు," అన్నాడు.

"రాను."

"నిన్ను మాపీ సెయ్యలేదు. అది ఎరుకెట్టుకో."

"సెయ్యమని నానడగలేదు. ఇరవయ్యొకటిని ఏ బండి?"

"ఆరున్నర లోకలు."

"ఆరుకే టేసన్లో ఉంటాను."

గణపతిరావు నీంపురా వైపు, తన ఇంటికి వెళ్ళిపోయాడు. నూకయ్య తాళం తీసి లోపలికి వెళ్ళాడు. గదిలో పొయ్యి చల్లగా ఉంది, మంచం పొద్దున్న వదిలేసినట్టే ఉంది. కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. తలుపు వేయడానికి లేవాలి. కాసేపు లేవలేదు.