బండికి ఏడాది గ్యారంటీ

మీసం తీస్తే మళ్ళీ మునుపటిలా రావడానికి నెల పడుతుందా, నలభై రోజులా, అసలు ఈ వయసులో నల్లగా వస్తుందా, నెరిసి వస్తుందా, అని లెక్క వేసుకుంటున్నాడు సాయన్న, వనపర్తిలో లారీల షోరూం ముందర రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చుని, రోడ్డు అవతల మంగలి దుకాణం అద్దం ఎండకు తళుక్కుమని సరిగ్గా తన కళ్ళలోనే కొడుతోంది, ఇంతమంది తిరిగే రోడ్డులో దానికి తానొక్కడే దొరికాడు, అద్దాన్ని అనుకుని ఏం లాభం, తప్పు తన నోటిది, పోయినసారి ఇక్కడే నిలబడి, మెకానిక్కులూ టీ తాగవచ్చినవాళ్ళూ పది మంది వినేటట్టు, నా బండి హీటెక్కుతలేదని తేలితే ఈ మీసం గీకి నీ టేబుల్ మీద పెడత నరేందరూ అని అరిచాడు, నరేందర్ అంటే ఏడాది కింద తనకు ఈ చిన్న లారీని అమ్మిన మనిషి, అతను నవ్వి ఊరుకున్నాడు, ఆ నవ్వే ఇంకా గుచ్చుకుంటోంది, ఇప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీ ఇంజనీరు, నున్నగా గీసిన మొహం, మీసం పోతే మనిషికి ఏమవుతుందో తెలియని మొహం, పాతిక పల్లి బస్తాలున్న బండిని స్వయంగా నడుపుకుంటూ కొత్తకోట దిక్కు పోయి ముప్పావు గంట అయింది, తిరిగొచ్చి ఏమీ లేదంటే కాగితం మీద అదే రాసేస్తాడు, ఉగాది ఇంకా నాలుగు రోజులే ఉంది, ఉగాదితో గ్యారంటీ తీరిపోతుంది, తర్వాత ఇంజను కరిగి కారిపోయినా అడిగేవాడుండడు.

పక్కన భార్య జంగమ్మ, ఒళ్ళో రొట్టెల సంచి పెట్టుకుని, బస్టాండులో శ్రీరంగాపూర్ బస్సు కోసం కూర్చున్నంత నిమ్మళంగా కూర్చుంది, ఈపారి నేను గూడ వస్త, కొన్ననాడు బేరం చేసింది నేను, ఇయ్యాల అడిగేది గూడ నేనే అని పొద్దున్నే బండెక్కి కూర్చుంటే దింపడం ఎవరి తరం, బేరం చేసింది ఆమే, అందులో అబద్ధం లేదు, గొర్రెల భీమన్న బిడ్డ కదా, ఆరేళ్ళప్పటి నుంచి తండ్రి వెంట పెబ్బేరు సంతలో తిరిగిన మనిషి, ఆ తండ్రే ముప్పై గొర్రెలను అమ్మి ముందు కట్టాల్సిన డబ్బు చేతిలో పెడితే, ఆ డబ్బును నడుముకు కట్టుకుని వచ్చి, చెప్పులు షోరూం గుమ్మం బయటే విడిచి, బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, టైర్లు తట్టి, ముందర జాలీలోకి వంగి, సంతలో గొర్రె నోరు తెరిచి పళ్ళు చూసినట్టే చూసి, పెదవి విరిచింది, రంగు మంచిగనే ఉంది గానీ జర బక్కగున్నది అంది, నరేందర్ గుటక మింగాడు, రెండు లక్షల అరవై, ఇది కంపెనీ రేటక్కా, తగ్గేది నా చేతుల లేదు అన్నాడు, తాను అప్పుడే సరే అనబోయాడు, ఆ ఎర్ర బండిని చూసిన క్షణం నుంచే తనకు మనసు మనసులో లేదు, అది కనిపెట్టే ఆమె తన భుజం మీది తువ్వాలు లాగి చేతి మీద కప్పి కింద నుంచి వేళ్ళు పట్టుకుంది, సంతలో బేరం అట్లాగే కదా, అంకె నోటి వెంట రాకూడదు, తువ్వాలు కింద ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అరచెయ్యి అరచేతిలో పెడితే బేరం కుదిరినట్టు, ఆమె నాలుగు వేళ్ళు నొక్కింది, నాలుగు వేలు తగ్గేదాకా నోరు తెరవకు అని, ఇద్దరూ అట్లా చేతులు పట్టుకుని మూగవాళ్ళలా అరగంట కూర్చున్నారు, పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో పది మంది ముందు అంతసేపు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోవడం అదే మొదలు, సిగ్గుగానూ ఉంది, వదలబుద్ధీ కాలేదు, చివరకు నరేందరే ఓడిపోయి నాలుగు వేలు తగ్గించి, బస్తాల మీద కప్పే తాటిపత్రీ సీటు కవర్లూ ఊరికే ఇచ్చి, గ్యారంటీ పుస్తకం తెరిచి, ఏడాది దాకా ఇంజనుకు ఏమైనా పూచీ మాదేనక్కా అని చదివి వినిపించాడు, జంగమ్మ అంతా విని, బండికి ఏడాది రాసిచ్చిండ్రు, మరి నడిపేటోనికి ఎన్నేండ్లు రాసిస్తరు అని అడిగింది, షోరూం షోరూమంతా గొల్లున నవ్వింది, టీ తెచ్చినాయన గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వాడు.

ఏడు నెలలు కొత్త పెళ్ళికొడుకులా తిరిగింది బండి, పొద్దున లేచి దాని మొహం తుడవందే తాను మొహం కడుక్కునేవాడు కాదు, నన్నెన్నడన్న గట్ల తుడిచినవా అని జంగమ్మ దెప్పేది, దీపావళి దాటిందో లేదో దానికి ఏ గాలి సోకిందో, పల్లి బస్తాలతో గద్వాల మిల్లుకు పోతుంటే బీచుపల్లి బ్రిడ్జి దాటి ఎర్రవల్లి చౌరస్తా చేరేసరికి మీటరులో ముల్లు మెల్లగా పైకి పాకి ఎర్ర గీత మీద కూర్చుంటుంది, కింద నుంచి ఆవిరి, రోడ్డు పక్కన ఆపి గంటసేపు తువ్వాలుతో విసురుకుంటూ ఉండడం, మిల్లు సేటు ఫోను మీద ఫోను, సాయన్నా, బస్తాలు ఎండకు పెట్టినవా, దింపుతున్నవా, ఇంకొక్కపారి మధ్యల ఆగినవంటే కిరాయి వేరేటోనికి ఇస్త అన్నాడు మొన్న, అన్నాడంటే అనేవాడే, ఆ కిరాయి పోతే బండి ఇంటి ముందు బొమ్మే, షోరూంలో ఒకసారి నీళ్ళు మార్చారు, ఇంకోసారి ఫ్యాను మార్చారు, కంపెనీ ఖర్చే, కాదనకూడదు, కానీ షోరూంకు వచ్చిన రోజు మాత్రం ఈ మాయదారి బండి ముల్లును మధ్యలోనే ముడుచుకుంటుంది, ఇంట్లో పులి వీధిలో పిల్లి, ఊరికి తిరిగిపోయి లోడు ఎత్తగానే మళ్ళీ అదే ఆవిరి, ఓవర్‌లోడు వేస్తున్నవ్ సాయన్నా, లేకుంటే నీకు అనుమానమన్న ఉండాలె అని నరేందర్ అనేదాకా వచ్చింది, మాట పుట్టింది, మీసం దాకా పోయింది, ఈ పొద్దున కూడా అంతే, ఇంజనీరు చెప్పినట్టు లోడుతో వస్తుంటే ముల్లు కదిలితే ఒట్టు, జర హీటెక్కవే తల్లీ, ఇయ్యాల ఒక్కనాడు నా ఇజ్జత్ కాపాడవే అని బతిమాలాడు, పక్కన జంగమ్మ ఒళ్ళో సంచిని రెండు చేతులా పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పరేషాన్ కాకు, రొట్టె తిను, ఆకలి కడుపుతోని ఏం ఆలోచన చేస్తవ్ అని ఆమె సంచి విప్పింది, జొన్న రొట్టె, ఎల్లిపాయ కారం, రొట్టెల మూట పైకి తీస్తుంటే సంచి అడుగున నల్లగా ఏదో కనబడింది, ఆమె చటుక్కున కొంగు కప్పింది, అంత చటుక్కున కప్పకపోతే తాను చూసేవాడే కాదు, ఏందే అది, ఏం లేదు, తిను, ఏం లేకుంటే ఎందుకు కప్పినవ్, చెయ్యి పెట్టి లాగాడు, గొంగడి ముక్క, మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మామ గొంగడిదే, ఆ అంచు మీది ఎర్ర దారం కుట్టు తనకు తెలియనిదా, నాలుగు మూలలా కట్టడానికి తాళ్ళు, ఉన్నిలో చిక్కుకుని చచ్చిన సీతాకోకచిలుకలు, గడ్డి పరకలు, గొర్రె వాసన మీద డీజిలు వాసన, తిప్పి చూస్తే అటు పక్క నిండా సన్నగా గీతలు, నిలువుగా, పక్కపక్కనే, వాతలు పెట్టినట్టు, ఎక్కడ చూశాడు ఈ గీతలు, ఎక్కడో చూశాడు, మెకానిక్కు ముందర జాలీ విప్పినప్పుడు లోపల రేడియేటరు రేకుకు ఉన్నాయి, ఎదురుగాలి వచ్చి ఇంజను నీళ్ళను చల్లబరిచేది అక్కడే అన్నా అని ఆ మెకానిక్కే వేలు పెట్టి చూపించాడు, రొట్టె ముక్క తన నోట్లోనే ఆగిపోయింది.

దీపావళి, అవును, దీపావళి మర్నాడే కదా, కొత్తకోటలో ఆమె అక్క ఇంటికి పోయి వస్తుంటే హైవే మీద బోర్లా పడిన లారీ, డ్రైవరు లేడు, అతని చెప్పు ఒక్కటి రోడ్డు మధ్యలో ఉంది, జంగమ్మ రెండు రోజులు ముద్ద మింగలేదు, మూడో రోజు తండ్రి దగ్గరకు పోయి గొంగడి ముక్క కోసుకొచ్చి, బండి ముందర కడుత, దిష్టి తగలదు అంటే, తాను ఏమన్నాడు, ఇదేమన్న గొర్రెనా గొంగడి కప్పుతందుకు, సేట్లు చూస్తే నవ్వుతరు అని గొడ్లకొట్టంలోకి విసిరేశాడు, ఆమె మారు మాట్లాడలేదు, మాట్లాడని రోజునే భయపడాల్సింది, జాలీ వెనక కట్టింది, తనకు కనబడని చోట, నీళ్ళు పోసే డబ్బా సీటు కిందే ఉంటుంది కాబట్టి తాను ఏనాడూ జాలీ విప్పి చూడడని తెలుసు, గొర్రె పళ్ళు చూసిన కళ్ళు కదా ఎక్కడేముందో ఆ రోజే చూసి పెట్టుకుంది, షోరూంకు పోయే రోజు మాత్రం తెల్లారకముందే విప్పేస్తుంది, మెకానిక్కులు చూస్తే పారేస్తారని, తిరిగి రాగానే మళ్ళీ కడుతుంది, అందుకే ఇక్కడ పిల్లి, అక్కడ పులి, పాపం బండిది ఏ తప్పూ లేదు, ఐదు నెలలుగా ముక్కు మూసి పరుగెత్తించాడు దాన్ని, ఇట్లెందుకు చేసినవే అందామని తిరిగాడు, ఆమె తల వంచుకుని రొట్టె తుంచుతూ, ఏమనకు, ఇది కట్టినప్పటిసంది బండి ఎన్ని పార్లు ఆగింది, ఒక్కపారన్న నీకు గోరంత దెబ్బ తగిలిందా చెప్పు అంది, తగల్లేదు, ఎట్లా తగులుతుంది, ముల్లుకు భయపడి ఈ ఐదు నెలల్లో తాను స్పీడు నలభై దాటించిందే లేదు, నవ్వొచ్చింది, ఎంత పిచ్చిది, ఎంత మొండిది, ఈ పిచ్చిదాన్ని తప్ప ఇంకెవరినీ తాను ఇట్లా ప్రేమించలేడు.

హారను, ఎర్ర బండి గేట్లోకి వచ్చింది, ఇంజనీరు దిగి చేతులు దులుపుకున్నాడు, ముల్లు సగం కూడా దాటలేదు పెద్దాయనా, బండి బంగారంలా ఉంది, ఇక్కడ సంతకం పెట్టు అని కాగితం చాపాడు, అద్దాల గదిలోంచి నరేందర్ బయటికి వచ్చాడు, మెకానిక్కులు ఒకరి తర్వాత ఒకరు చేతులు తుడుచుకుంటూ చేరారు, కొంగు కింద జంగమ్మ చెయ్యి గొంగడి ముక్కను గట్టిగా పట్టుకుని ఉంది, ఆమెకు ఇప్పుడే అర్థమవుతోంది, కాగితం వంకా తన మొహం వంకా చూస్తోంది, ఆమె పేరు చెబితే మీసం నిలుస్తుంది, ఈ షెడ్డు ఆమెను చూసి నవ్వుతుంది, వనపర్తికి వచ్చిన ప్రతిసారీ గొంగడి జంగమ్మ అంటారు, వద్దు, సాయన్న లేచి నిలబడ్డాడు, తప్పు నాదే సారూ, పురుగులు పడుతున్నయని జాలీ ఎనక నేనే గొంగడి గుడ్డ కట్టిన, ఇయ్యాల తీసిన, నాకు తెల్వక మిమ్ముల గింత తిప్పల పెట్టిన అన్నాడు, ఇంజనీరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు, తర్వాత నవ్వాడు, షెడ్డంతా నవ్వింది, తన మీద నవ్వితే ఇంత తేలిగ్గా ఉంటుందని తనకు ఇన్నాళ్ళూ తెలియదు, మరి మీసం సంగతేంది సాయన్నా అన్నాడు నరేందర్, మాట మాటే, తాను రోడ్డు వైపు తిరిగాడు, ఆ మీసం చూసే నేను పెండ్లికి ఒప్పుకున్న, నా బేరంల సొమ్ము అది, ఎవలన్న ముడితే నేనూరుకోను అని వెనక నుంచి జంగమ్మ గొంతు, నరేందర్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, నీ బేరం నాకు తెల్వదా అక్కా, ఇడిసిపెట్టిన పో.

సంతకం పెట్టి వచ్చి మళ్ళీ ఆమె పక్కనే కూర్చున్నాడు, ఆమె కళ్ళు తుడుచుకుంటోంది, నా మూలంగనే గద, కిరాయి గూడ పోతుండె అంటోంది, తాను తువ్వాలు తీసి ఆమె చేతి మీద కప్పి, కింద నుంచి అరచెయ్యి అరచేతిలో పెట్టాడు, గొంగడి ముందర వద్దు, నా సీటు మీద పరుస్త, రోజూ దాని మీదనే కూసుంట, నలభై దాటియ్య, సరేనా, ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి, ఎదురుగా బండి ఎండలో ఎర్రగా మెరుస్తోంది, ఇక నాలుగు రోజుల్లో దాని గ్యారంటీ తీరిపోతుంది, పోనీ, మరి నడిపేటోనికి ఎన్నేండ్లు అని ఆ రోజు ఈమె అడిగితే నరేందర్ నవ్వాడు, టీ తెచ్చినాయన నవ్వాడు, అందరికంటే గట్టిగా తాను నవ్వాడు, ఆ నవ్వుల మధ్య ఈమె మొహం ఎట్లా ఉందో గుర్తు తెచ్చుకుంటూ పోతే ఇప్పుడు కనబడింది, జవాబు కోసం పుస్తకం వంకే చూస్తూ నిలబడింది, ఆమె ఒక్కతే నవ్వలేదు.