మైలలో బతికిన హీటర్ ప్లగ్గు

నేను ఒక హీటర్ ప్లగ్గును. చూపుడు వేలంత ఉంటాను. నా పేరు మీరు వినకపోతే తప్పేమీ లేదు, పికప్ వ్యాన్లు నడిపేవాళ్లలోనే చాలామందికి నేను బండిలో ఉన్నానని తెలియదు. చలికాలం తెల్లారగట్ల డీజిల్ ఇంజను ఓ పట్టాన అంటుకోదు. అప్పుడు నా మొన ఎర్రగా కాలి సిలిండరు లోపల వేడి పుట్టిస్తుంది, డీజిల్ అంటుకుంటుంది, బండి కదులుతుంది. నా పని ఆ కాసేపే. తర్వాత నాకు కరెంటు ఆపేయాలి. ఆపకపోతే కాలి చస్తాను. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకెక్కదు. నాకు ఒళ్లుమంటగా ఉందంటే ఉండదూ మరి!

ఏదో ఫ్యాక్టరీలో నా కడుపులో సన్నటి తీగ చుట్టి, చుట్టూ పొడి దట్టించి, అట్టపెట్టెలో పడుకోబెట్టారు. నర్సీపట్నంలో మెకానిక్ కన్నబాబు షెడ్డులో ఆ పెట్టె తెరిచాక గానీ నేను లోకం చూడలేదు. చూడగానే కనిపించింది నా ముందటివాడి శవం. మొన ఉబ్బి, నల్లబడి, చివర చిట్లిపోయి ఉంది. కన్నబాబు దాన్ని పట్టకారుతో పైకెత్తి చూశాడు.

"ఇది డూప్లికేటు మాలు నాయుడన్నా," అన్నాడు. "ఈపాలి మంచిది ఏస్తన్నాను."

పచ్చి అబద్ధం. చచ్చినవాడూ నేనూ ఒకే పెట్టెలో వచ్చినవాళ్లం.

నాయుడంటే సన్యాసినాయుడు, లంబసింగి మనిషి, ఆ పికప్‌కి ఓనరూ డ్రైవరూ అతనే. అతని భార్య వరహాలమ్మ కొండల్లో తిరిగి చిక్కుళ్లూ రాజ్‌మా గింజలూ పోగుచేసి, రోజూ ఆ బండిలోనే నర్సీపట్నం వెళ్లి అమ్ముకునేది. మార్కెట్లో టీకొట్టు పక్క గోడవార ఆమెకొక చోటుంది. కొనేవాళ్లు ఆ గోడ దగ్గరికి వచ్చి ఆమెను పేరు పెట్టి పిలిచేవారు.

అసలు కథ నాకు ఇంజనులో పక్క సిలిండరువాడు చెప్పాడు. మొదట ఈ బండిలో ఒక టైమరు ఉండేదట. మేము వేడెక్కగానే అదే కరెంటు ఆపేసేది. ఒకసారి అది పాడైంది. కొత్తది వేస్తే సరిపోయేది. కన్నబాబు వేయలేదు. "దానెందుకన్నా, డైరెక్ట్ ఇచ్చేత్తాను," అని ఒక వైరు లాగి స్టీరింగు కింద స్విచ్చి పెట్టాడు. "నొక్కు, బండి స్టార్ట్ చెయ్, ఎంటనే ఆపెయ్" అని చెప్పాడు. నాయుడికి అన్నీ గుర్తున్నాయి, ఆ 'ఎంటనే' అన్నది తప్ప.

ఎందుకంటే నాయుడికి పొద్దున్నే బండికి పూజ చేయందే చక్రం కదలదు. చేయి కడుక్కుని వచ్చి ముందు స్విచ్చి నొక్కుతాడు. పూజ అయ్యేలోపు ఇంజను కూడా తయారుగా ఉంటుందని ఆయనగారి తెలివి. ఆ తర్వాత అద్దం తుడుస్తాడు, బొట్లు పెడతాడు, డ్యాష్‌బోర్డు మీది దేవుళ్లకు అగరొత్తులు వెలిగిస్తాడు, హారతి ఇస్తాడు. బయట హారతి వెలుగుతున్నంతసేపూ లోపల మేము మాడిపోతుంటాం. ఒక ప్లగ్గు పోగానే ఎవరిదో దిష్టి తగిలిందని నిమ్మకాయలు మొదలెట్టాడు. ఇంకొకటి పోతే కొబ్బరికాయ చేర్చాడు. భక్తి పెరిగేకొద్దీ మా ఆయుష్షు తరిగింది. దేవుణ్ణి నేనేమీ అనను. ఆయన స్విచ్చి నొక్కమనలేదు కదా.

ఇంతవరకు జరిగింది మూర్ఖత్వం, పోనీ అనుకోవచ్చు. తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. నేను బండిలోకి వచ్చిన మర్నాడే ఇంటి ముందు నాయుడి గొంతు వినపడింది.

"నువ్వు ఎక్కిన కాణ్నుంచే బండికి ఈ గాచారం పట్టింది. పొద్దున్నే ఎదురొత్తావు. రేపట్నుంచి నువ్వు బండెక్కొద్దు. సరుకు నానే అమ్మేత్తాను."

"నా సోటు పోద్ది మావా," అంది వరహాలమ్మ. "ఆ గోడకాడ రొండ్రోజులు నాను కనపడకపోతే ఇంకోలు తట్ట పెట్టేత్తారు."

"పోతే పోద్ది. బండి కన్నా సోటు ఎక్కువేటి?"

చేసింది అతని చేయి, నింద ఆమెకు. నాకు నోరుంటే ఆ రోజే అరిచేవాణ్ణి. ఆమె బస్తాలు ఎక్కించి ఇంట్లోకి వెళ్లిపోయింది. నాయుడు సరుకును ఎవడికి పడితే వాడికి కట్టబెట్టి, టీ తాగి వచ్చేవాడు. ఆ గోడవారన ఎవరిదో ఉల్లిపాయల తట్ట వెలిసింది.

ఇంతలో నాయుడి చిన్నాయన చనిపోయాడు. ఇంటికి మైల వచ్చింది. కర్మ అయ్యేదాకా దీపం లేదు, పూజ లేదు. అయినవాళ్లంతా చావింట్లో ఉన్నారు, సరుకు ఎత్తడానికి మనిషి లేడు. ఎలాగూ మైలే కదా అని నాయుడు గొణిగి, భార్యను బండెక్కించుకున్నాడు.

నా బతుకులో మంచి రోజులంటే అవే. మంచు ఎంత దట్టంగా ఉన్నా సరే, చేయడానికి పూజ లేక నాయుడు నేరుగా వచ్చేవాడు, స్విచ్చి నొక్కేవాడు, తాళం తిప్పేవాడు, ఆపేసేవాడు. బండి ఒక్క దెబ్బకు అంటుకునేది. వరహాలమ్మ పక్క సీటులో కూర్చుని ఇదంతా చూస్తుండేది. మార్కెట్లో ఉల్లిపాయలవాళ్లతో గొడవపడి సగం గోడ తిరిగి సంపాదించింది కూడా.

మైల తీరింది. నాయుడు నాలుగు రకాల పూలు తెచ్చాడు. ఆగిపోయిన పూజలన్నీ ఒకేసారి తీర్చేయాలనుకున్నాడో ఏమో. "నువ్వు లోపలికెల్లు," అని భార్యకు చెప్పి స్విచ్చి నొక్కాడు. ఆమె వెళ్లలేదు. హారతి మొదలైంది. నా కడుపులో తీగ ఎర్రబడింది, తెల్లబడింది, తెగిపోయింది. పక్కవాడూ నాతోపాటే పోయాడు. నాయుడు తాళం తిప్పితే ఇంజను మూలిగి ఊరుకుంది.

నాయుడు ఆమె వైపు తిరిగి నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"మైల్లో నాను నీ పక్కనే కూకున్నాను. ఒక్కటీ పోనేదు. అప్పుడు నువ్వు ఆ సిచ్చి నొక్కి ఎంటనే ఆపీసేవోడివి. ఈయేళ నొక్కీసి హారతిచ్చావు."

"దేవుడి పూజది తప్పంటావేటే?"

"దేవుడిది కాదు. నీ సేతిది అంటన్నాను."

నర్సీపట్నం వెళ్లే ఎవరిదో లారీకి కట్టి లాగిస్తే బండి షెడ్డు చేరింది. ఆమె అదే మాట కన్నబాబుతో అంది. కన్నబాబు స్విచ్చి కేసి చూశాడు, మమ్మల్ని ఊడదీసి మా మొనల కేసి చూశాడు. "అంతసేపు ఉంచీత్తావని నానేటి కలగన్నానన్నా," అని గొణుగుతూ వైరు పీకేసి కొత్త ప్లగ్గులూ కొత్త టైమరూ బిగించాడు. నాయుడు మేఘాల కేసి చూస్తూ బీడీ కాల్చాడు. ఇద్దరిలో ఒక్కడు కూడా ఆమెతో తప్పయిందనలేదు. చచ్చి పడి ఉన్నా నాకది వినాలని ఉండింది.

ఆమె అడగలేదు. సీటు కింద పనిముట్ల డబ్బాలోంచి చచ్చిన ప్లగ్గులన్నీ ఏరి, నన్నూ తీసుకుని, కొంగుతో తుడిచి, డ్యాష్‌బోర్డు మీద దేవుడి పటాల ముందు వరసగా పేర్చింది. ఇప్పుడు నేనుండేది అక్కడే. మర్నాడు అగరొత్తి వెలిగించబోతూ నాయుడు ఆగిపోయాడు.

"ఇయ్యెందుకు ఈడ?"

"ఉండనీ," అంది వరహాలమ్మ, పక్క సీటులోకి ఎక్కి తలుపు వేసుకుంటూ. "నాను ఎక్కినప్పుడల్లా నువ్వు సూడాల."