పద్నాలుగు గొంతుల హాజరు

ధబ్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ ధబ్.

హాస్టల్ గదిలో ముత్యాలయ్య ఇంకా కళ్లు తెరవలేదు. తెల్లవారీ తెల్లవారని ఆ వేళ, చప్పుడు పడవ పక్కకు తెడ్డు తగిలినట్టు వినిపించింది. అందులో తొందర లేదు, కోపం లేదు. తెరవమని అడిగే చెయ్యి అలా కొట్టదు. ఇక తెరవరని తెలిసిన చెయ్యి అలా కొడుతుంది.

లేచి వరండా చివరకు నడిచాడు. బియ్యపు కొట్టు తలుపుకు తాళం వేలాడుతోంది. లోపల ఉన్నది ముప్పై ఏడు.

ఆ హాస్టల్లో పేర్లతో పనిలేదు. తరగతిలో అంకె పిలుస్తారు, అంకె పలుకుతుంది. కంచం మీద అంకె, ఉత్తరాల అరమీద అంకె. రెండేళ్లలో స్నేహితుల నోటికి కూడా అదే అలవాటయింది. సంగం ఊళ్లో నాట్లకు పోయే రెబెక్కమ్మ కొడుకు, ఆ పేట మొత్తానికీ కాలేజీ గడప తొక్కిన మొదటివాడు, నెల్లూరు వచ్చి ముప్పై ఏడు అయ్యాడు. ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక, అర్థం కాలేదని చెప్పుకోలేక, మెల్లమెల్లగా మాట మానేశాడు. తర్వాత నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. నెలరోజులుగా గోడవైపు తిరిగి పడుకొనే ఉన్నాడు.

నిన్న సాయంత్రం బావిగట్టు మీద, కాళ్లు లోపలికి వేలాడేసుకొని కనిపించాడు. వంటమనిషి పేరమ్మ వెనకనుంచి వచ్చి, రెండు చేతులా పట్టుకొని ఇవతలికి లాగింది. వార్డెన్ కామాక్షయ్యగారు అతణ్ణి కొట్టులో పెట్టి తాళం వేశారు. తల్లికి కబురు పంపారు.

మొదటి బస్సుకే రెబెక్కమ్మ వచ్చింది. పాదాల మీద మడి బురద ఎండి ఉంది.

"తీసుకుపో అమ్మా. టి.సి. రాసి పెట్టాను," అన్నారు కామాక్షయ్యగారు.

"ఏం తప్పు చేసినాడయ్యా నా బిడ్డ?"

"నాటకం. పరీక్షలు దగ్గరికొచ్చాయి గదా, చదవలేక ఎత్తిన వేషం."

"వేషాలెయ్యడం వాడికి రాదయ్యా. క్రిస్మసుకి వచ్చినప్పుడే అన్నం ముందర కూసోని ఏడ్సినాడు. అడిగితే నోరు తెరవలా. ఒక్కసారి డాక్టరుకి చూపించండి సామీ."

కామాక్షయ్యగారు విసుక్కోలేదు. ఆయన కూడా అలసిన మనిషే. కాలేజీ హాజరు పట్టీ తెప్పించి ఆమె ముందు పరిచారు.

"ఇదిగో. ఇరవై ఆరు రోజులు, ఒక్కటీ తప్పకుండా తరగతికి పోయాడు. జబ్బు మనిషి పోతాడా? డాక్టరుకు ఏమని చెప్పమంటావు? నడవడి బాగాలేదని రాశాను. మతి లేదని రాయలేదు, అందుకు సంతోషించు."

ఆ టి.సి.తో మరే కాలేజీ అతణ్ణి చేర్చుకోదు. రెబెక్కమ్మకు చదువు రాదు. వరసగా ఉన్న గుర్తుల మీద వేలు పెట్టి, చివరిదాకా నడిపించింది.

"ఇన్ని దినాలు పోయినాడా?" అంది, తన కొడుకునే శంకిస్తున్న గొంతుతో.

ముత్యాలయ్య స్తంభం పక్కనుంచి ఇదంతా విన్నాడు. ముప్పై ఏడు ఒక్కరోజు కూడా పోలేదు. ఆ గుర్తులన్నీ స్నేహితులు వేయించినవి. ఆ ఉపాయం తనది.

పులికాటు ఒడ్డున వాళ్ల ఊళ్లో, సరస్సులో ఏ రోజు ఎవరి వల ఎక్కడ పడాలో చీటీలు వేసి తేల్చుకొంటారు. ఆ వంతును పాడు అంటారు. పాడు ఉన్నచోట కొట్లాట ఉండదు, ఒకరి బరువు ఒకరిమీదే పడదు. ఆ పద్ధతినే హాస్టలుకు తెచ్చాడు. ముప్పై ఏడు అని పిలిచినప్పుడు ఎవరు ఏ రోజు పలకాలో పద్నాలుగు మందికి చీటీలు వేశాడు. హాజరు తగ్గి వాడి ఏడాది పోకూడదని. మంచిపనే అనుకొన్నారు.

భోజనశాలలో పద్నాలుగు మందీ చేరారు. నరసయ్య బల్లమీద చెయ్యి వేసి మాట్లాడాడు.

"నాయుడుపేట మిల్లు ఓనరు కొడుక్కి నిద్ర పట్టకపోతే మద్రాసు డాక్టరు, నెల సెలవు. కూలోళ్ల బిడ్డకి నిద్ర పట్టకపోతే బియ్యం కొట్టు. ఏం న్యాయంరా ఇది?"

"ఉపన్యాసం తర్వాత ఇద్దువుగానీ, ఏం జెయ్యాలో చెప్పన్నా," అన్నాడు అబ్రహాము.

"సమ్మె."

"సమ్మె చేస్తే ఆయన పట్టీ చూపిస్తాడు. పట్టీ ముందర ఏం మాట్లాడతావు?"

ముత్యాలయ్య చొక్కా జేబులోంచి వంతుల కాగితం తీసి బల్లమీద పెట్టాడు. సభల్లో ఎన్నడూ నోరు విప్పనివాడు.

"ఆ పట్టీ మనం రాసిందే గదా. ఇది చూపిద్దాం."

"నీకేమన్నా పిచ్చా? దొంగ హాజరుకి ఏడాది పోతాది. మా నాయన చదువు మాన్పించి నన్ను పడవెక్కిస్తాడు," అన్నాడు అబ్రహాము.

"మీ నాయనకి పడవ యాడుందిరా, కుట్టుమిషను గదా?" అన్నాడు నరసయ్య.

"అయితే మిషనెక్కిస్తాడు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. వరండా చివరనుంచి మళ్లీ ధబ్ మంది.

"వాడి బదులు పలికే వంతు రాసుకున్నాం," అన్నాడు ముత్యాలయ్య. "వాడి పక్కన కూసునే వంతు ఒకటన్నా రాసినామా? ఏందిరా నీ బాధ అని ఎవరన్నా అడిగినామా? నేను అడగలా. మనం ప్రెజెంట్ సార్ అంటా వున్నన్నాళ్లూ వాడు లేడని ఎవురికీ తెలియలా. మనకే తెలియలా."

అబ్రహాము కాగితం తనవైపు లాక్కొని, తన అంకె ఎదురుగా సంతకం పెట్టాడు.

"పొయ్యేదేదో పోనీ. పద."

పద్నాలుగు మందీ కొట్టు ముందు నేలమీద కూర్చొన్నారు. మళ్లీ చీటీలు వేసుకొన్నారు. ఇద్దరిద్దరుగా తలుపు దగ్గరకు జరిగి, సందుకు నోరు ఆనించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. ఒకడు వాన సంగతి చెప్పాడు. ఒకడు తనకూ రాత్రిళ్లు గుండె దడదడలాడుతుందని, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని చెప్పాడు. ఆ మాటకు లోపలి చప్పుడు ఆగింది. రెబెక్కమ్మ గడపమీద చెయ్యి పెట్టి కూర్చొంది.

ప్రిన్సిపాలు వచ్చారు. ముత్యాలయ్య అందించిన వంతుల కాగితం చదివారు, రెండోసారి చదివారు.

"దీని ఫలితం తెలుసా మీకు?"

"తెలుసు సార్."

"లేచి తరగతులకు వెళ్లండి. దీన్ని నేను చూడలేదనుకొంటాను."

ఎవరూ లేవలేదు. నరసయ్య కూర్చొనే జవాబు చెప్పాడు.

"మీరు చూడాలనే తెచ్చినాం సార్. తలుపు తీయించండి, డాక్టరును పిలిపించండి, ఆ టి.సి. ఆపండి. రేపు ఇంకొకడికి ఇట్టాగయితే చెప్పుకోడానికి ఒక మాస్టరన్నా వుండాలి. అందాకా ఇక్కడే వుంటాం."

మధ్యాహ్నం గంట కొట్టారు. పేరమ్మ వడ్డించిన కంచాలు వడ్డించినట్టే ఉండిపోయాయి. మొదటి సంవత్సరం వాళ్లు వచ్చి కూర్చొన్నారు, ఆ తర్వాత మిగిలినవాళ్లు. వరండా చాలక ముంగిట ఎండలోకి జరిగారు. నినాదాలు లేవు. తలుపు దగ్గర మాటలు మాత్రం వంతులు మారుతూ నడిచాయి. మూడింటికి నోటీసు బోర్డుమీద పద్నాలుగు అంకెలు వేలాడాయి, మార్చి పరీక్షలకు అనర్హులని. నరసయ్య పోయి చూసి వచ్చి, తన చోట్లోనే మళ్లీ కూర్చొన్నాడు.

నాలుగు దాటాక ప్రిన్సిపాలు తాళం తీయమని వార్డెనుకు చెప్పారు. రిక్షాలో డాక్టరు వచ్చాడు.

తలుపు తెరుచుకొంది. బస్తాల మధ్య ముప్పై ఏడు మోకాళ్లు ముడుచుకొని ఉన్నాడు, పిడికిలి కమిలిపోయి. రెబెక్కమ్మ వెళ్లి ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకొంది. డాక్టరు ఎదురుగా బస్తామీద కూర్చొని, చీటీ తీసి, కలం మూత విప్పాడు.

"నీ పేరేమిటి బాబూ?"

ముప్పై ఏడు చూపు కలం మీద నిలిచింది.

"ముప్పై ఏడు అని రాసుకోండి," అన్నారు కామాక్షయ్యగారు గుమ్మంలోంచి. "మిగతాది ఆఫీసులో చూసి పంపిస్తాం."

అబ్రహాము నోరు తెరిచాడు. ముత్యాలయ్య అతని మోచెయ్యి పట్టుకొని ఆపాడు. ఇరవై ఆరు రోజులు వాడి బదులు పలికిన పద్నాలుగు గొంతులూ, ఒక్కటీ పలకలేదు. తల్లి కూడా పెదవి కదపలేదు. డాక్టరు కలం అలాగే పట్టుకొని కూర్చొన్నాడు.

చాలాసేపటికి, ఎండిన గొంతులోంచి, ఒక్కో అక్షరాన్నీ ఎత్తి పెడుతున్నట్టుగా వచ్చింది.

"యెహోషువ."