ఆ రెండు పంక్తులు

నేను ఒక రౌటర్‌ను. ‘యంత్రలోపం, పనికిరాదు’ అని నా నెత్తిన కాగితం అంటించి, విరిగిన సెలైన్ స్టాండ్ల మధ్య ఈ సామాన్ల గదిలో పడవేశారు. ఆ కాగితం అబద్ధం. ఇప్పుడైనా కరెంటు ఇచ్చి చూడండి, రెండు నిమిషాల్లో పనిలో దిగుతాను.

ఏదో దూరదేశపు కర్మాగారంలో పుట్టి, పరీక్షలన్నీ నెగ్గి, అట్టపెట్టెలో కాకినాడ చేరాను. మొదట ఒక బీమా కార్యాలయంలో ఆరేళ్లు పనిచేశాను. టీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు కావలసినప్పుడు తప్ప అక్కడివారికి నేను గుర్తురాలేదు. అక్కడి నుంచి ఈ ట్రస్టు ఆసుపత్రికి వచ్చాను.

ఇక్కడ రోడ్డుకు అటూ ఇటూ పాత భవనం, కొత్త భవనం అని రెండు. వాటి నెట్‌వర్కులను వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు వేశారు. ఏ సమాచారం ఏ దారిన పోవాలో పాతది ఒక పద్ధతిలో చెప్పుకొంటుంది, కొత్తది మరొక పద్ధతిలో. ఒకదాని మాట మరొకదానికి తెలియదు. అటు దారులు ఇటు, ఇటు దారులు అటు తెలియజెప్పే దుబాసీలం మేమిద్దరం: పాత భవనంలో నేను, కొత్త భవనంలో నా జోడీ.

ఈ పనిలో ఒక ప్రమాదం ఉంది. ఒకరు చెప్పిన దారినే రెండవవారు కొత్త కబురనుకొని వెనక్కి చెప్పవచ్చు. అది నమ్మితే ఒక రోగి రక్తపరీక్ష ఫలితం మా ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి, చేరవలసిన చోటికి చేరకుండానే నశిస్తుంది. అందుకే నెట్‌వర్క్ ఇంజనీరు వింధ్యావళి ప్రతి దారికీ అది పుట్టిన వైపు గుర్తు వేసింది. ఆ గుర్తున్న దారిని పుట్టినవైపుకు మళ్లీ పంపవద్దని నాలో రెండు పంక్తులు రాసి, కరెంటు పోయినా చెరగకుండా భద్రపరచింది. మూడు ఆదివారాల శ్రమ అది.

ఒక ఉదయం కొత్త స్కానర్ ప్రారంభించడానికి ఛైర్మన్‌గారు వస్తున్నారు. తెర మీద బొమ్మ రాలేదు. వింధ్యావళి కేబుళ్లు చూడడానికి స్కానర్ గదికి పరుగెత్తింది. ఆమె పై అధికారి పద్మనాభం మాత్రం తిన్నగా నా దగ్గరకు వచ్చి, నాకు లాప్‌టాప్ తగిలించి కూర్చున్నారు.

“ఇదిగో, ‘ఆపు’ అని రాసిపెట్టింది! ఆపమంటే ఆగదా మరి?” అని గొణుక్కుంటూ ఆ రెండు పంక్తులూ చెరిపేశారు. సరిగ్గా అప్పుడే అక్కడ ఆమెకు ఊడిన కేబుల్ దొరికింది. బొమ్మ వచ్చింది. ఆయన నా వీపు తట్టి చప్పట్లు అందుకోవడానికి వెళ్లిపోయారు. మార్పు భద్రపరచాలన్న ధ్యాస కూడా లేదు.

పావుగంటలో కబుర్లు సుడి తిరిగాయి. ఆపరేషన్ థియేటర్లో మనిషి బల్లపై ఉన్నాడు. రక్తం గ్రూపు రిపోర్టు రాదు. సర్జన్ చేతులకు గ్లవ్స్ వేసుకొని నలభై నిమిషాలు నిలుచున్నాడు. చివరికి ఒక నర్సు ల్యాబ్ నుంచి రిపోర్టు కాగితం పట్టుకొని రోడ్డు దాటి పరుగెత్తింది. ఆ మనిషి దక్కాడు.

పద్మనాభం వచ్చి నా కరెంటు తీగ పీకి మళ్లీ పెట్టారు. పంక్తులు ఎవరు, ఎన్ని గంటలకు చెరిపారో నాలో ఉన్న చిట్టా ఆ క్షణంలోనే తుడిచిపెట్టుకుపోయింది. భద్రపరచిన పాత ప్రతి లేచింది. వింధ్యావళి పంక్తులు వాటి చోటికి అవే వచ్చాయి. అంతా చక్కబడింది. మెచ్చుకోలు ఆయనకు. ‘నీ అడ్డు పంక్తుల వల్లే ఇదంతా జరిగింది, ఉద్యోగం నుంచి ఎందుకు తీసివేయకూడదు?’ అన్న నోటీసు ఆమెకు.

సూపరింటెండెంట్ డాక్టర్ సాలొమీ విచారణకు వచ్చినప్పుడు వింధ్యావళి నా ముందే నిలబడి అడిగింది.

“మేడమ్, ఆ రెండు పంక్తులూ ఇప్పుడు కూడా ఇందులోనే ఉన్నాయి, చదవండి. తప్పు వాటిదే అయితే ఇప్పుడెలా నడుస్తోంది? మధ్యలో ఎవరో తీసేశారు. తీగ పీకకపోతే పేరు కూడా ఇక్కడే కనిపించేది.”

“ఏమండీ పద్మనాభం గారూ?”

“అంటే... యంత్రం పాతదండి. వేడెక్కి ఉంటుంది.”

సాలొమీగారికి అర్థమైంది. ముఖం చూస్తేనే తెలిసింది. అయినా ‘యంత్రలోపం’ అని రాసి కాగితం వింధ్యావళి ముందుకు జరిపారు. నా కోపమంతా ఆ కలం మీద.

“పెట్టేయ్ అమ్మాయ్ సంతకం,” అన్నారు పద్మనాభం. “నీ ఉద్యోగం నీకుంటుంది, నా పరువు నాకుంటుంది. ఇనప డబ్బాకేం, ఏడుస్తుందా?”

“దానికి జబ్బు లేదు సార్. లేని జబ్బు నేను రాయను. మీరు రాసుకోండి.”

వారం తిరగకుండా ఆమెను తుని శాఖకు బదిలీ చేశారు. అక్కడ ఉన్నది ఒకే ఒక కంప్యూటరు.

ఆమె వెళ్లిన రోజే నా స్థానంలోకి కొత్త రౌటర్ వచ్చింది. బిగించే మనిషి నాలో ఉన్నదంతా చదివి, “ఈ రెండు పంక్తులు కూడా ఎక్కించాలా సార్?” అని అడిగాడు.

“ఆ అమ్మాయి రాసింది రాసినట్టు దించవయ్యా!” అని పద్మనాభం కేకవేశారు. “ఒక్క అక్షరం ముట్టుకున్నావంటే ఊరుకోను!”

కరెంటు ఉండగా నేను విన్న ఆఖరి మాట అది.