అందరం కళ్లు మూసుకుందాం

బల్ల గ్లాసులు కడగడం చూసినంత తేలిక కాదు. ఆదివారం ఆరాధనలో ద్రాక్షరసం పోసి ఇచ్చే ఆ గాజు గ్లాసులు బొటనవేలంత ఉంటాయి. పైపైన తుడిస్తే మెరుస్తాయి గానీ అడుగున ఎర్రటి చార ఉండిపోతుంది. పాస్టరమ్మ వేలు అందులో పట్టదు. కూతురు చిట్టి చిటికెన వేలైతే పట్టేది. వేలికి మెత్తని గుడ్డ చుట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, ఒక్కో గ్లాసునూ గిర్రున తిప్పి వెలుతురుకు ఎత్తి చూసేది. "ఇది పాసు, ఇది ఫెయిలు" అంటూ వేరు చేసేది. ఏడేళ్ల పిల్ల. ఇక దానికి ఎనిమిదో ఏడు రాదు.

ఆ శనివారం సాయంత్రం పాస్టరమ్మ పుల్లకు గుడ్డ చుట్టి గ్లాసులు తుడుస్తుంటే భర్త వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రేపు మన ఎమ్మెల్యే పెద్దాయన వస్తున్నాడు. ముందు వరసలో కూర్చుంటాడు. నువ్వు ఆ పాట పాడాలి."

ఏ పాట అని ఆమె అడగలేదు.

ఆమెకూ ఒక పేరుంది. దాంతో చివరిసారి ఎవరు పిలిచారో గుర్తులేదు. ఆయన పాస్టరు కాబట్టి ఆమె పాస్టరమ్మ. డాక్టరు భార్యను ఎవరూ సూది వేయమనరు, దర్జీ భార్యను ఎవరూ చొక్కా కుట్టమనరు. పాస్టరు భార్య మాత్రం పెళ్లినాడే ఉద్యోగంలో చేరినట్టు లెక్క. జీతం ఆయనకి, పని ఇద్దరికీ. ఆరాధన జరిగే హాలు ఊడవాలి, బల్ల మీద గుడ్డ ఉతికి ఇస్త్రీ చేయాలి, జబ్బుపడ్డవాళ్లను చూసి రావాలి, వేళకాని వేళ వచ్చినవాళ్లకు వండి పెట్టాలి, ఇవన్నీ నవ్వుతూ చేయాలి. చిట్టి పోయిన వారానికే అత్తగారు నెమ్మదిగా చెప్పింది, "నువ్వే ఏడిస్తే వచ్చేవాళ్లకి మనం ఏం ధైర్యం చెబుతామమ్మా? నీ కళ్లు చూసి సంఘమంతా నీరుగారిపోతుంది." ఆయనా ఏడుస్తాడు. స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి పూర్తిగా తిప్పి ఏడుస్తాడు. బకెట్టు నిండి పొర్లిపోయే చప్పుడు ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. నీటి చుక్క వృథా అయితే ఊరుకోని అత్తగారు కూడా అప్పుడు నోరెత్తదు. పాస్టరమ్మ వెళ్లి కుళాయి తిప్పితే మాత్రం, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పిలుపు వస్తుంది.

ఇక ఆ పాట. సమాధిలో మట్టి వేస్తుంటే ఆమె పాడింది. సంఘంలో ఎవరో ఫోన్లో తీశారు. మట్టి తడి ఆరకముందే ఆ వీడియో ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. దాని కింద ఎర్రటి గుండె బొమ్మలు, చప్పట్ల బొమ్మలు. "ఏం విశ్వాసం తల్లీ" అని ముక్కూ మొహం తెలియనివాళ్ల మెచ్చుకోళ్లు. భర్త కూడా ప్రతి ప్రసంగంలో ఆ మాట తెచ్చేవాడు. "నా భార్య ఏడవలేదు, పాడింది. విశ్వాసం అంటే అదీ."

అది విశ్వాసం కాదు. ఇచ్చిన మాట. ఆసుపత్రిలో చిట్టి ఆయాసపడుతూనే రోజూ నిద్రపుచ్చే పాట పాడమని అడిగింది. పాడితే అదీ గొంతు కలుపుతుందని, ఉన్న కాస్త ఊపిరీ ఖర్చు చేసుకుంటుందని నర్సు వద్దంది. "ఇంటికెళ్లాక పడుకునే ముందు పాడతాలే" అని పాస్టరమ్మ దాని జుట్టు సవరించింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే అంతా అయిపోయింది. బయల్దేరేముందు ఆ నర్సే గొంతు తగ్గించి చెప్పింది, "ఊపిరి పెట్టే మిషను ఇంకా రాలేదమ్మా. వార్డు మాత్రం ప్రారంభించేశారు." వార్డు గుమ్మం పక్కన నల్లరాతి పలక, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో పెద్దాయన పేరు. బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఆమె చదివింది ఆ పేరే.

"ఆ పలక మీద ఉన్నది ఆయన పేరే కదండీ," అంది ఇప్పుడు, గ్లాసు మీంచి చూపు తిప్పకుండా.

భర్త గుమ్మానికి చేరగిలబడ్డాడు. "నాకు తెలీదా? ఆయన తలచుకోకపోతే కొత్త మందిరానికి అనుమతి రాదు. ఎన్నికలు కాబట్టి మన గుమ్మం తొక్కుతున్నాడు, తర్వాత మొహం చూడడు. అయినా వాళ్ల వల్ల, వీళ్ల వల్ల అనుకుంటూ కూర్చుంటే మనకేం మిగులుతుంది? దేవుని చిత్తం అనుకున్నాను కాబట్టే ఇంకా నిలబడి ఉన్నాను."

ఆమెకు ఆయన మీద జాలి వేసింది. ఆయన ఆ మాట పట్టుకుని నిజంగానే నిలబడ్డాడు. కానీ ఎంత అనువైన మాట అది! మనుషులు చేయకుండా వదిలేసిన పనులన్నిటినీ, చాప కిందికి చెత్త ఊడ్చినట్టు, దాని కిందికి నెట్టేయొచ్చు. ఆమె నమ్ముకున్న ప్రభువు కూడా ఒకసారి స్నేహితుడి సమాధి ముందు నిలబడ్డాడు. అందరూ చూస్తుండగా ఏడ్చాడు. అక్కడ ఆయన పాటేమీ పాడలేదు.

మర్నాడు హాలు కిక్కిరిసింది. పెద్దాయన మల్లెపువ్వులాంటి బట్టల్లో వచ్చాడు, ఆయన వెనకే కెమెరాలు. సంఘ పెద్ద ఆమెను మైకు దగ్గరికి పిలవగానే పెద్దాయన లేచి చేతులు జోడించాడు. "మీలాంటి తల్లుల వల్లే దేశం నిలబడి ఉందమ్మా," అన్నాడు, మొహం సగం కెమెరా వైపు తిప్పి.

ఆమె మైకు అందుకుంది. "పాటకు ముందు ప్రార్థన చేసుకుందాం. అందరం కళ్లు మూసుకుందాం."

ఆ హాల్లో ఆమె మాటకు ఎవరైనా అడ్డు తగలొచ్చు. కమిటీ కూర్చున్నప్పుడు ఆమె నోరు తెరిస్తే, "టీ అయిందా అమ్మా?" అంటారు. ప్రార్థనకు మాత్రం ఎవరూ అడ్డు రారు. ఆ సంగతి ఇన్నేళ్లకు, నిన్న గ్లాసులు తుడుస్తుండగా ఆమెకు తట్టింది. తలలన్నీ వంగాయి. పెద్దాయన అందరికంటే కిందికి వంచాడు, కెమెరాలున్నాయి మరి.

"ప్రభువా, నా బిడ్డకి ఊపిరాడలేదు. పిల్లల వార్డుకి పలక ఉంది, రిబ్బను కత్తిరించిన ఫొటో ఉంది, మిషను లేదు. అది నీ చిత్తమని నాతో చెప్పారు. నీ మీద వేసిన ఆ నింద నేను నమ్మను ప్రభువా. మిషను ఎందుకు రాలేదో నీకు తెలుసు. తెలిసిన మనిషి ఇంకొకరు ఇక్కడే తల వంచుకుని కూర్చున్నారు. ఆయన చేత చెప్పించు. ఆ వార్డులో ఈ పూట కూడా ఎవరి బిడ్డో పడుకుని ఉంది. నేను పాడింది విశ్వాసంతో కాదు. పడుకునే ముందు పాడతానని దానికి మాటిచ్చాను. ఆ పాట దానిది. ఇంకెవరికీ పాడను."

అక్కడితో ఆగింది. ఆమేన్ అనలేదు. మైకు బల్ల మీద పెట్టి, మెట్లు దిగి, వంచిన తలల మధ్య నుంచి నడిచి వెనక గదిలోకి వెళ్లింది. ప్రార్థన ముగిసిందో లేదో తెలియక హాల్లో ఒక్కరూ కళ్లు తెరవలేదు. ముగించాల్సింది ఇక పాస్టరు గారే. ఆయన గొంతు సవరించుకోవడం ఆమెకు వినబడింది. ఆమేన్ మాత్రం వినబడలేదు.

ఆమె ఆ గదిలోని సింకు ముందు నిలబడింది. కుళాయి మీద చేయి వేసి, తీసేసింది. నీళ్ల చప్పుడు చాటు లేకుండా, హాలంతటికీ వినబడేలా ఏడ్చింది.