మూత పెట్టిన పళ్లెం

నేను చాటలో బియ్యం చెరుగుతుంటే, నా భర్త ఒనొరా గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "ఏమైనా చెప్పు క్లెమెన్, గెర్లాండ్ వండితే అన్నానికి ఒక వాసన ఉంటుంది. మన లోయ బియ్యం వాసన. నువ్వెంత వండినా చప్పగానే ఉంటుంది." ఆ మాట అనేసి గెర్లాండ్ ఇంటికే వెళ్లిపోయాడు. ఆమె అతని రెండో ఇల్లు. సంతలో మయామీ బియ్యం, అంటే ఓడల్లో వచ్చే చవక విదేశీ బియ్యం అమ్ముతుంది. మంగళవారం, శుక్రవారం అతను అక్కడ, మిగతా రోజులు ఇక్కడ. మా ఆర్టిబొనిట్ లోయలో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. దానికి ఏడవడం నేనెప్పుడో మానేశాను. నా కడుపు మండింది బియ్యం దగ్గర.

ఎందుకంటే ఆ లోయ బియ్యం నావి. నారు పోసింది నేను, మోకాలి లోతు బురదలో నాటింది నేను, కోసి, నూర్చి, ఎండలో పోసి కోళ్లను తోలుకుంటూ కూర్చున్నది నేను. అయినా వాటిని నా పిల్లలకు ఏడాదికి ఒక్కసారి కూడా వండిపెట్టను. ఒక డబ్బా లోయ బియ్యం అమ్మితే రెండు డబ్బాల మయామీ బియ్యం వస్తాయి. అయిదు నోళ్లున్న ఇంట్లో ఏవి ఉడుకుతాయో చెప్పక్కర్లేదు. నేను నా నోటికి దూరం చేసుకున్నవి ఆమె కుండలో ఉడుకుతున్నాయి. ఆమె మూత తీయడం, ఆవిరి లేవడం, ఒనొరా కళ్లు మూసుకుని వాసన పీల్చడం, అన్నీ ఊహించుకుని కుళ్లిపోయాను. ఏ బస్తాలోంచి ఎప్పుడు పట్టుకెళుతున్నాడా అని రోజూ తూకం చూసుకునేదాన్ని. ఒక్క గింజ తగ్గేది కాదు. అయినా అనుమానం తగ్గలేదు.

విదేశీ బియ్యం మీద పన్ను మా నాన్న బతికుండగానే ఒకసారి తగ్గించారు. మళ్లీ తగ్గిస్తున్నామని మొన్న రేడియోలో మంత్రి చెప్పాడు. రాజధానిలో జనానికి తిండి చవకైతే దేశం నెమ్మదిగా ఉంటుందట. ఇక్కడ పొలాలు ఒక్కొక్కటే బీడు పడ్డాయి. మా పక్క పొలం డెరివాల్ కొడుకు ఇప్పుడు సంతకెళ్లే వంతెన మీద తుపాకీ పట్టుకుని వసూళ్లకి నిలబడుతున్నాడు. "అత్తా, నిన్ను అడగాలంటే సిగ్గుగానే ఉంది. బస్తాకి రెండు డబ్బాలు తియ్" అంటాడు. నాన్న ఉండగా వాడి నాన్న నాట్లకి మా పొలంలో దిగేవాడు. దేశం నెమ్మదిగానే ఉంది కాబోలు, రేడియోలో.

"నీ పొలం కౌలుకిచ్చెయ్" అని ఒనొరా నెల రోజులుగా పోరుతున్నాడు. "ఆ డబ్బుతో గెర్లాండ్ దుకాణంలో ఇరవై బస్తాలు వేద్దాం. దానికి బుర్ర ఉంది. నీకేముంది, బురద." నాన్న పొలం నా పేరున రాశాడు కాబట్టి నా వేలిముద్ర కావాలి. కాగితంతో కౌలుదారు ఆదివారం వస్తాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేను సరేననబోయాను. ఆమెలా బతికితే నన్నూ ఆమెలా చూస్తాడేమోనని. ఈర్ష్య నన్ను అంతదాకా దిగజార్చింది.

శనివారం అతను కోడిపందేలకు వెళ్లగానే నేను గెర్లాండ్ ఇంటికి వెళ్లాను. మూడు రాళ్ల పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. అడక్కుండానే మూత తీశాను. లోపల సుద్దలా తెల్లటి మయామీ బియ్యం. ఏ వాసనా లేదు.

"మా బియ్యం ఎక్కడ దాచావు?" అన్నాను.

గెర్లాండ్ గరిటె పట్టుకుని నా వైపే చూసింది. "మీ బియ్యం నా దగ్గరెందుకుంటాయక్కా? 'క్లెమెన్ వండే లోయ అన్నం ముందు ఇదీ ఒక అన్నమేనా' అని రెండేళ్లుగా నా ప్రాణం తోడేస్తున్నాడు. నువ్వంటే నాకెంత మంటో నీకు తెలీదు."

"నేను వండేదీ ఇవే."

ఆమె నవ్వింది. ఆ నవ్వు బాగుంది, దానికీ కుళ్లుకున్నాను. పొలం సంగతి చెబితే నవ్వు ఆపేసింది. "ఇరవై బస్తాలా? ఉన్న ఆరూ కదలట్లేదు. పన్ను తగ్గినప్పుడల్లా వీధికి ముగ్గురు దుకాణం పెడుతున్నారు. నేనే మూసేద్దామని చూస్తున్నా. పొలం పోగొట్టుకోకక్కా. నాకుంటేనా..." నా బురదని చూసి కుళ్లుకునే మనిషి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆదివారం గెర్లాండ్ పెరటి దారిన వచ్చింది. రెండు కుండలు ఎక్కించాం. చిన్న కుండలో మయామీ బియ్యం ఆమే వండింది. మగవాడి వాటా ముందు తీసి మూత పెట్టి ఉంచడం మా ఇళ్లలో ఆనవాయితీ. ఆ ఆనవాయితీ తప్పలేదు, చిన్న కుండలోంచి తీసి పెట్టాను. పెద్ద కుండ చుట్టూ మేమిద్దరం, పిల్లలు కూర్చున్నాం.

కౌలుదారుతో వచ్చిన ఒనొరా మూత తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "చప్పగా ఉంది. గెర్లాండ్ చెయ్యి పడితే ఇలా ఉండదు."

పెరటి గుమ్మంలోంచి గెర్లాండ్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేనే వండానయ్యా."

నేను కౌలుదారు వైపు తిరిగాను. "ఆ కాగితం తీసుకెళ్లండి. రేపే నాట్లు. మేమిద్దరం దిగుతున్నాం."

ఒనొరా ముక్కు ఎగబీల్చాడు. ఇల్లంతా లోయ బియ్యం వాసన. "మరి అది?" అన్నాడు మెల్లగా.

"అయిపోయింది" అన్నాను. "మేం తినేశాం."