ఇంటిదాకా వచ్చిన గంతులు

కండక్టరమ్మ టీ నిలబడే తాగుతుంది. కూరగాయలు నిలబడే తరుగుతుంది, పేపరు కూడా నిలబడే చదువుతుంది. సగం జీవితం బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి. కాళ్ళు ఎడంగా పెట్టి తొడలు బిగించిందంటే ఎంత గతుకుల రోడ్డయినా ఆమెను కదిలించలేకపోయేది. ఆ ఇంట్లో కూర్చునే పని అంతా ఆమె భర్తది.

ఆయన అదే బస్సుకి డ్రైవరు. నిరుడు వానల్లో కొండ రోడ్డు కళ్ళముందే లోయలోకి జారిపోతుంటే సరిగ్గా అంచున బ్రేకు వేసి బస్సును ఆపాడు. అందరూ క్షేమంగా దిగారు, ఆయనే దిగలేదు. నలుగురూ కలిసి సీటులోంచి ఎత్తుకొచ్చి ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ అందులోనే ఉన్నాడు. డాక్టరు చూసి కాళ్ళకేమీ కాలేదన్నాడు. పెడితే తింటాడు, పిలిస్తే ఊఁ అంటాడు, చెయ్యి పట్టి లేపితే గోడవారగా నాలుగడుగులు వేసి మళ్ళీ కుర్చీలోకే చేరతాడు. మెట్లు దిగే ఊసే లేదు.

ఆ రోడ్డు ఇక వెయ్యరని తేలిపోయాక, పై ఊళ్ళకు మందులూ ఉత్తరాలూ గుర్రం మీద పంపాలని బస్సాఫీసువాళ్ళు నిర్ణయించారు. ఆ దారి కండక్టరమ్మకి కొట్టినపిండి. ఉద్యోగం ఆమెకే ఇస్తామన్నారు, కాకపోతే ముందు స్వారీ నేర్చుకుని పరీక్ష నెగ్గాలి. ఇల్లు గడవడానికి వేరే దారి లేదు కనక ఆమె చీర మానేసి ప్యాంటు తొడుక్కుని లాయానికి వెళ్ళింది.

గుర్రం మామూలుగా నడిచినంతసేపూ బాగానే ఉండేది. నడకకీ దౌడుకీ మధ్య గంతులేస్తూ పోయే నడక ఒకటుంది, లాయంలో దాన్ని ట్రాట్ అంటారు. అక్కడే ఆమెకు చుక్కలు కనిపించాయి. గుర్రం వీపు పైకి లేస్తే ఈమె గాల్లోకి ఎగరడం, అది కిందికి దిగి మళ్ళీ లేచే వేళకి ఈమె దబ్బున దాని మీద పడడం. బస్సులో ఇన్నేళ్ళూ పనికొచ్చిన విద్యనే ఇక్కడా ప్రదర్శించింది మరి. కుదుపు రాగానే తొడలు బిగించేది, పళ్ళు కూడా బిగించేది.

"అమ్మా, మీరు గుర్రమెక్కి కూడా నిలబడే ఉన్నారు," అన్నారు స్వారీ నేర్పే మాస్టారు. "కూర్చోండి. నడుముని దానికి వదిలెయ్యండి."

"కూర్చునే ఉన్నాగా మాస్టారూ!"

"మీరు కూర్చుంటే దాని వీపుకి తెలుస్తుంది. ఇంకా తెలియలేదు."

ఆ సాయంత్రం ఆమె ఇంట్లోకి అడుగుపెట్టగానే వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. బల్ల కాసేపు గంతులేసి ఆగింది. మంచం కూడా ఓసారి ప్రయత్నించింది గాని, బరువుకి లేవలేకపోయింది. చివరికి, ఆమె వెంటే ఇంటికొచ్చేసిన ట్రాట్ ఇల్లంతా వెతుక్కుని డ్రైవరు కుర్చీలో దూరి అక్కడ కుదురుకుంది. కుర్చీ ఉన్నచోటే టకటకా గంతులేస్తుంటే, కింది వాటాలో ఉండే పిన్నిగారు మెట్లెక్కి వచ్చింది.

"మీ గుర్రం రోజూ ఈ వేళకేనా? చెబితే పాలు ముందే కాచుకుంటాను. అన్నీ పొంగిపోయాయి."

"ఈ వేళకే పిన్నిగారూ. నాకు కూర్చోవడం వచ్చేదాకా కాస్త ఓపిక పట్టండి."

మర్నాడు చెబితే మాస్టారు తలూపారు. "ఒంటికి పట్టని ట్రాట్ ఇంటికి రాక ఎక్కడికి పోతుంది? నేను నేర్చుకునే రోజుల్లో అది మా అమ్మమ్మ మంచంలో దూరింది. ఆవిడ తిట్టిన తిట్లు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. కూర్చోవడం వచ్చాక అదే మానేస్తుంది."

డ్రైవరు మాత్రం విసుక్కోలేదు. కుర్చీ గంతులేస్తుంటే ఆయన నడుము మెత్తగా దానితో పాటే లేచి దిగేది. భుజాలు కదిలేవి కావు. చేతిలో గ్లాసుంటే అందులో నీళ్ళు తొణికేవి కావు. ఎన్నో ఏళ్ళు డొక్కు బస్సు సీటులో కూర్చున్న నడుము కదా, దానికి ఒకరు నేర్పక్కర్లేదు. రోజులు గడిచేకొద్దీ ఆయన ముఖం తేటపడడం మొదలైంది. ఒక సాయంత్రం, ఆమె గుమ్మంలో నిలబడి చూస్తుండగా, నోరు విప్పాడు.

"గతుకుతో పోట్లాడకు. సీటు దిగినప్పుడు నువ్వూ దిగు."

కండక్టరమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఇంకోసారి చెప్పండి," అంది, వినపడక కాదు.

అక్కడ్నుంచి సాయంత్రాలకి కళ వచ్చింది. ఆయన గుర్రం రంగు అడిగాడు. అది ఆడదా మగదా అన్నాడు. ఆడగుర్రమని, ఎడమచెవి కొసన చిన్న చీలిక ఉందని చెబితే నవ్వాడు. ఆయన చెప్పిన కిటుకులే మనసులో పెట్టుకుని ఆమె గుర్రమెక్కేది. అలా ఒకరోజు, మైదానం మలుపు తిరుగుతుంటే, తొడల్లో బిగువు తనంతట తనే సడలిపోయింది. వీపు లేచింది, ఆమె కూడా లేచింది. అది దిగింది, ఆమె కూడా దిగింది. జీనుకీ ఆమెకీ మధ్య చీమ దూరే సందు లేదు. ఇంత తేలికైన దానికా ఇన్నాళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నాను అనుకుని పకపకా నవ్వేసింది.

ఇంటికి వెళితే గిన్నెలు పలకలేదు. డ్రైవరు కుర్చీ చేతులు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీవైపు తిరిగిపోయాడు. అన్నం తినమంటే ఊఁ అని కూడా అనలేదు.

మర్నాడు ఆమె కావాలని తొడలు బిగించింది. సాయంత్రం కుర్చీ గంతులేసింది, ఆయన కబుర్లు చెప్పాడు. ఆ మర్నాడూ అంతే చేసింది. పరీక్ష దగ్గరపడుతోందని తెలుసు, ఉద్యోగం పోతే గతేమిటో తెలుసు. అయినా ఆ కుర్చీ ఆగడం ఇంకోసారి చూసే ధైర్యం ఆమెకు లేదు.

ఒకరోజు మాస్టారు జీను దింపి, "చెయ్యి పెట్టి చూడండి," అన్నారు.

గుర్రం వీపు వాచి ఉంది. అరచెయ్యి తగలగానే చర్మం జలదరించింది.

"మీకు కూర్చోవడం వచ్చేసిందమ్మా. వచ్చీ రానట్టు ఎందుకు కూర్చుంటున్నారు?"

ఆమె ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది. మాస్టారు గుర్రం మెడ నిమురుతూ విన్నారు. "మీ బాధ నాకు తెలిసిందమ్మా. కానీ అది ఈ గుర్రం మొయ్యాల్సిన బాధ కాదు," అన్నారు చివరికి. "వాపు తగ్గేదాకా సెలవు. పరీక్షనాడు సరిగ్గా కూర్చునేటట్టయితేనే ఎక్కండి."

ఆ సాయంత్రం, గంతులేస్తున్న కుర్చీ పక్కన నిలబడి ఆమె దాచకుండా చెప్పింది. "ఏవండీ, ఇదే ఆఖరు. ఇక ట్రాట్ ఇంటికి రాదు. నా మూలాన పాపం దాని వీపు వాచిపోయింది."

"ఏ పక్క?" అన్నాడు డ్రైవరు.

"ఎడమ పక్క ఎక్కువ."

"నువ్వు ఎడమకి ఒరుగుతావు. బస్సులోనూ అంతే," అన్నాడు. అసలు సంగతి ఆయనకి అర్థమైందో లేదో ఆమెకు తెలియలేదు.

వాపు తగ్గింది, పరీక్షరోజు వచ్చింది. కండక్టరమ్మ గుర్రమెక్కి, కొంచెం కుడికి సర్దుకుని, మైదానం చుట్టూ ట్రాట్‌లో తిరిగొచ్చింది. ఒక్క కుదుపు లేదు. ఆఫీసువాళ్ళు చప్పట్లు కొట్టి ఉద్యోగం నీదేనన్నారు. ఆమె గుర్రాన్ని తుడిచింది, నీళ్ళు పట్టింది, పొడిగా ఉన్న ఒంటినే మళ్ళీ తుడిచింది. ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

అంతలో గేటు దగ్గర పిన్నిగారి కేక వినపడింది. "ఆగమంటే ఆగడే మహానుభావుడు! మెట్లన్నీ గంతులేసుకుంటూ దిగాడు!"

చేతిలో ఆయన బూట్లు పట్టుకుని పిన్నిగారు ఆయాసపడుతూ వస్తోంది. ఆమెకు ముందు, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, డ్రైవరు. నడుము మెత్తగా లేస్తూ దిగుతూ, చక్కటి ట్రాట్‌లో.

"కుర్చీకి ఆగిపోయింది గానీ," అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ, "నాకు ఆగడం లేదు."

మాస్టారు ఆయన నడుమునే కాసేపు పరీక్షగా చూసి, పక్కనున్న ఎర్రగుర్రానికి జీను వేశారు. "పై ఊళ్ళకి ఒక్కరినే పంపడం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు," అన్నారు.

డ్రైవరు ఎర్రగుర్రం వైపు చూశాడు. తర్వాత భార్యవైపు చూశాడు. "రోడ్డు జారిన చోటు దారిలో తగులుతుందా?"

"దాని పక్కనుంచే పోవాలండీ."

ఆయన నడుము ఆగింది. తర్వాత రికాబులో కాలు పెట్టి ఎక్కాడు. చేతులు గాల్లో స్టీరింగు కోసం వెతికి, కళ్ళెం తాళ్ళు పట్టుకున్నాయి. గుర్రం కాలు దువ్వింది.

"పోనివ్వండి," అన్నారు మాస్టారు.

డ్రైవరు కదలలేదు.

"వెళ్ళు నాయనా, వెళ్ళు," అంది పిన్నిగారు.

అయినా కదలలేదు. ఎదురుగా దారివైపే చూస్తూ, బస్సులోలాగే చెవి వెనక్కి వేసి ఉన్నాడు. ఆయన దేనికోసం ఆగాడో కండక్టరమ్మకి అప్పుడు తెలిసింది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది.

"రైట్!" అంది.